అలోహా అంటే ప్రోటోకాల్ ఒక్కటేనా?

కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ రాసిన బీటెక్ విద్యార్థులకు ప్యూర్ అలోహా, స్లాటెడ్ అలోహా కొత్త కాదు. మొదటిదాని గరిష్ఠ సామర్థ్యం 18.4 శాతం, రెండోదానిది 36.8 శాతం అని నేనూ బట్టీ పట్టినవాణ్నే. ఆ పేరుకు అర్థమేంటని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అది హవాయి దీవుల్లో మనుషులు ఒకరినొకరు పలకరించుకునే మాట అని ఉద్యోగంలో చేరాకే తెలిసింది. అప్పటికే పలకరింపు చేతకాక ఒక ఇంటర్వ్యూలో తడబడ్డాను.

అది నా మొదటి ఇంటర్వ్యూ. తలుపు తీయగానే, రాత్రంతా అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన ‘గుడ్ మార్నింగ్ సర్, మైసెల్ఫ్...’ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశా. ఎదురుగా ఉన్న ఇద్దరిలో ఒకరు మేడమ్. రెండోవారు ఫోన్లో మాట్లాడుతున్నారు. నేను ఎవరి మొహమూ చూడలేదు. మేడమ్ నవ్వి ‘కూర్చోండి’ అన్నాక గానీ పొరపాటు తెలీలేదు. ఆ కంగారు చివరిదాకా తగ్గలేదు. ఉద్యోగం రాలేదు. కారణం అదొక్కటే అని చెప్పను గానీ, మొదలే అలా అయింది.

ఊపిరి పంచుకునే మాట

హవాయిలో కలిసినా, విడిపోయినా ‘అలోహా’ అంటారు. ప్రేమ, ఆప్యాయత, దయ.. అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. ‘అలో’ అంటే ఎదురుగా ఉండటం, ‘హా’ అంటే ఊపిరి అని అక్కడివాళ్లు విడదీసి చెబుతుంటారు. వాళ్ల పాత సంప్రదాయంలో ఇద్దరు కలిస్తే నుదురు, ముక్కు ఆనించి ఒకే గాలి పీలుస్తారు. దాన్ని ‘హోని’ అంటారు.

1986లో హవాయి రాష్ట్రం ‘అలోహా స్ఫూర్తి’ని ఏకంగా చట్టంలో చేర్చింది. దయ, ఐకమత్యం, ఆహ్లాదంగా మెలగడం, వినయం, ఓర్పు.. ఈ ఐదు గుణాలనూ అందులో పేర్కొన్నారు.

మన పాఠంలోని అలోహా కూడా అక్కడిదే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల్లోని కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలిపి, ఆ వ్యవస్థను అలోహానెట్ అంది. ప్యూర్ అలోహాలో ఎవరికి తోచినప్పుడు వాళ్లు సమాచారం పంపేస్తారు. రెండు ఒకేసారి వస్తే ఢీకొని పోతాయి. స్లాటెడ్‌లో సమయాన్ని చిన్న గడులుగా విభజించి, కొత్త గడి మొదలయ్యేదాకా ఆగి పంపుతారు. ఆ కాస్త ఆగినందుకే సామర్థ్యం రెట్టింపు. నా ఇంటర్వ్యూ అచ్చం ప్యూర్ అలోహా!

యార్డులో నేర్చుకోని పాఠం

సిగ్గుపడాల్సింది ఏంటంటే, ఇది నేను హవాయి నుంచి నేర్చుకోవాల్సిన పనే లేదు. మాది పర్చూరు వైపు పల్లె. పత్తి, మిర్చి సాగు. సీజన్లో నాన్న టిక్కీలు లారీకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తే నేనూ వెంట వెళ్లేవాణ్ని. కమీషన్ కొట్టులో అడుగుపెట్టగానే ఎవరూ ధర మాట ఎత్తరు. ‘రా బాబాయ్, బాగున్నావా? అబ్బాయి చదువు ఎంతవరకొచ్చింది? ముందు టీ తాగు’ అంటారు. బేరం తర్వాత. ధర దగ్గర గట్టిగా వాదించుకున్నా, పొద్దున్నే అన్న ఆ ‘బాబాయ్’ చెరిగిపోదు.

మన పలకరింపుల్ని ఒక్కసారి వినండి. ‘అన్నం తిన్నావా?’ అంటే మెనూ అడిగినట్టు కాదు. ‘వెళ్తున్నా’ అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, ‘వెళ్లొస్తా అనాలి’ అని దిద్దుతారు. తిరిగొస్తాననే మాట ఇచ్చాకే గడప దాటాలి. ‘నమస్తే’ అంటే ‘నీకు వందనం’. మా ఊళ్లోనే చర్చికి వెళ్లేవాళ్లు ‘వందనాలు’ అంటారు. ముస్లిం మిత్రులు చెప్పే సలాంలో ‘మీకు శాంతి కలగాలి’ అనే కోరిక ఉంది. ప్రతి మాటా ఎదుటి మనిషిని చూసి చెప్పేదే. ఇంటర్వ్యూ గదిలో నేను మర్చిపోయింది ఆ చూడటాన్నే.

ఇవి పాటించి చూడండి

● లోపలికి వెళ్లగానే ఒక్క క్షణం ఆగండి. ఎంతమంది ఉన్నారో, ఎవరైనా మాట్లాడుతున్నారో గమనించి, కళ్లలోకి చూసి పలకరించండి.

● ‘గుడ్ మార్నింగ్’ అన్నా, ‘నమస్కారం’ అన్నా ఫర్వాలేదు. బట్టీ అప్పజెప్పినట్టు ఉండకూడదు, అంతే.

● గేటు దగ్గరి సెక్యూరిటీ అన్ననూ, రిసెప్షన్‌లో ఉన్నవారినీ పలకరించే వెళ్లండి. కంగారు సగం అక్కడే తగ్గుతుంది.

● ఆఫీసు చాట్‌లో ‘హాయ్’ అని పెట్టి ఊరుకోవద్దు. పలకరింపు వెంటే విషయమూ రాయండి.

● ఫలితం ఎలా ఉన్నా లేచేటప్పుడు థ్యాంక్స్ చెప్పండి. అదే గదికి మళ్లీ రావాల్సి రావచ్చు.

రెండో ఇంటర్వ్యూలో నేను తలుపు దగ్గర ఆగాను. లోపలివారు తలెత్తేదాకా చూసి పలకరించాను. చెమటలు పట్టాయి, ఒక ప్రశ్నకు జవాబు తెలీదనీ ఒప్పుకొన్నాను. అయినా ఈసారి మాట్లాడింది మనుషులతో. ఆ ఉద్యోగం వచ్చింది.

ఈసారి ఇంటర్వ్యూకి బయల్దేరేటప్పుడు ఇంట్లో ‘వెళ్లొస్తా’ అంటారు కదా. ఆ మాటలోని ఆప్యాయతను ఆ గదిలోకీ తీసుకెళ్లండి.