రాత్రంతా కాళ్ళు తన్నుకునే పిల్లాడు: మా ఇంట్లో దొరికిన కారణం

ఇవాళ పిల్లల రాత్రి నిద్ర గురించి మాట్లాడుకుందాం. నిజానికి మా నిద్ర గురించి!

మా బాబుకి అప్పుడు రెండున్నరేళ్ళు. విజయనగరంలో ఉంటాం, ఒకటే మంచం. వాడు మా ఇద్దరి మధ్యా అడ్డంగా పడుకుంటాడు. తల నా డొక్కలో, కాళ్ళు వాళ్ళ నాన్న మొహం మీద. పన్నెండుకోసారి, రెండుకోసారి, నాలుగుకోసారి లేవడమే. ఉక్కపోత అనుకుని ఫ్యాను పెంచాం. శ్రీకాకుళం నుంచి మా అమ్మ వచ్చి, "ఏటే, గుంటడికి దిష్టి తగిలింది" అని ఉప్పు దిగదీసింది. చీర ఉయ్యాల కూడా కట్టింది. రెండు రాత్రులు పడుకున్నాడు, మూడో రాత్రి మళ్ళీ మా మంచం మీదకే.

ఈ వయసు పిల్లలు రాత్రి మధ్యలో కాస్త మెలకువ రావడం మామూలే. పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు పడుకోవాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మావాడు అన్ని గంటలూ మంచం మీదే ఉండేవాడు. కానీ నిద్రలోనూ కాళ్ళు ఆగేవి కావు. అదే నాకు అనుమానం.

డాక్టర్ గారి దగ్గరికెళ్తే ఆవిడ నిద్ర సంగతి కాదు, "రోజుకి పాలు ఎన్ని తాగుతాడమ్మా?" అని అడిగారు. లెక్కేశాను. లేచిన ప్రతిసారీ సీసా పెట్టడంతో కలిపి దగ్గర దగ్గర లీటరు! పైగా పొద్దున్న బిస్కెట్లు ముంచుకుని టీ. మన వైపు పిల్లలకి టీ అలవాటు చెయ్యని ఇల్లు ఎక్కడుంది చెప్పండి?

ఆవు పాలలో ఇనుము చాలా తక్కువ. పాలతో పొట్ట నిండితే అన్నం తినరు. టీ ఏమో తిన్న అన్నంలోని ఇనుమునీ ఒంటికి పట్టనివ్వదు. ఇనుము తగ్గితే మెదడులో డోపమైన్ పని దెబ్బతిని, పడుకున్నప్పుడు కాళ్ళు నిలవనివ్వవు. మెలకువ వస్తుంది, ఏడుస్తాడు, నేను పాలిస్తాను. అంటే వాణ్ణి పడుకోబెడుతున్నానని రోజూ నేనే లేపుతున్నానన్నమాట.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఈ వయసుకి 11 ఉండాలి. ఫెరిటిన్ కూడా తక్కువే. మనవాడొక్కడే కాదండి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళ లోపు పిల్లల్లో వందకి 63 మందికి రక్తహీనత ఉంది.

డాక్టర్ గారు బరువు చూసి ఐరన్ సిరప్ రాశారు. పాలతో కలిపి ఇవ్వొద్దన్నారు. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. సీసా మాత్రం పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి, ఎక్కువ తాగితే ప్రాణం మీదకి వస్తుంది. పరీక్ష లేకుండా సొంతంగా మొదలెట్టకండి.

పాలు అరలీటరు లోపుకి తగ్గించాం, రాత్రి సీసా మానిపించాం. మొదటి వారం నరకం, దాచేదేం లేదు. గుడ్డు, నెత్తళ్ళు, తోటకూర పప్పులో నిమ్మరసం పెట్టాం. అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర కూడా వేయించాం. అవున్న పిల్లలు రాత్రి ఆసనం దగ్గర దురదతో కూడా లేస్తారు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే మాత్రం అది వేరే సంగతి, ఆలస్యం చెయ్యకుండా చూపించాలి.

రెండో నెల నుంచి కాళ్ళు నెమ్మదించాయి. ఇప్పుడు రాత్రి ఒక్కసారే లేస్తాడు, మంచినీళ్ళు తాగి పడుకుంటాడు. మంచం మాత్రం ఇంకా మాదే, అడ్డంగానే.