దేహము చెప్పిన సాక్ష్యము

నౌపడ ఉప్పుమడులలో మిట్టమధ్యాహ్నవేళ ఒక్క గంట నిలిచినవారికి ఎండ యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. కూలికొఱకు అచట నిలుచువారు నిత్యమును నిలుచుచునే యున్నారు. కాని శిస్తు చెల్లింపని రైతును బలవంతముగా ఎండలో నిలబెట్టుట ఒకనాడు మద్రాసు రాజధానిలో వసూళ్ళకు వాడుకయైన ఉపాయము. అప్పటి గంజాం జిల్లా ఆ రాజధానిలోనిది. నౌపడ ఆ జిల్లాలోనిది.

ఈ సంగతులను విచారించుటకు 1854లో ప్రభుత్వము ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురిని నియమించినది. 1855లో వెలువడిన వారి నివేదిక చదువుటకు గుండె నిబ్బరము కావలెను. ఒక కొసను ముడివేసిన రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్ళు పెట్టి నొక్కుట ‘కిట్టి’. తెలుగు జిల్లాలలో దీనికి వేరే పేరుండెడిది. మెడమీదుగా, కాలివ్రేళ్ళ క్రిందుగా త్రాడు వేసి మనిషిని వంచి కట్టివేయుట మఱియొకటి. కన్నులలో మిరపపొడి చల్లుట ఇంకొకటి. ఈ పనులన్నియు దేశీయులైన చిన్న ఉద్యోగులవే గాని దొరలకు సంబంధము లేదని ఆ మువ్వురు ఆంగ్లేయులును తేల్చిరి! శిస్తు ఎవరి బొక్కసము చేరినదో ఎఱిగినవారు ఈ మాటను అంత సులభముగా నమ్మలేరు. 1857లో కారల్ మార్క్స్ న్యూయార్కు పత్రికలో ఈ నివేదికను గూర్చియే వ్రాసెను.

ఆ ఉపాయములను పరికించినచో ఒక్క విషయము తోచును. ఎండగాని, వంగిన నడుముగాని కొన్నాళ్ళకు ఏ గుర్తును మిగుల్చవు. సాక్షులుండరు, ఉన్నను నోరు విప్పరు. ఇక మాటాడగలిగినది దేహమొక్కటే. దాని భాష తెలిసినవాడు న్యాయవైద్యుడు.

లాఠీతో గట్టిగా కొట్టినప్పుడు చర్మముపై రైలుపట్టాలవలె రెండు సమాంతరరేఖలు తేలును. నడిమి భాగము పాలిపోయి యుండును. దెబ్బ తగిలినచోట నెత్తురు రెండు ప్రక్కలకు నెట్టబడుటయే దీనికి కారణము. జారిపడినవానికి ఇట్టి గుర్తు కలుగదు. కమిలినచోట పసుపురంగు కనబడినచో దెబ్బ తగిలి సుమారు 18 గంటలైనను గడచియుండునని చెప్పవచ్చును; అంతకుమించి, రంగును బట్టి ఇదే దినమని నిశ్చయించుట సాహసమే యగును. అరికాళ్ళపై కొట్టిన దెబ్బలు మఱింత మోసకరమైనవి. పైకి చర్మము చెక్కుచెదరదు. లోపల మాంసము నలిగిపోవును. మృతుడైనచో అరికాలిని కోసి చూచిననేగాని అది బయటపడదు.

ఈ విద్యకు ప్రపంచమంతటను అంగీకృతమైన పద్ధతి ఇస్తాంబుల్ ప్రొటోకాల్. 1999లో సిద్ధమై 2022లో సవరింపబడినది. దాని ప్రకారము వైద్యుడు ‘ఇతనిని హింసించిరి’ అని తీర్పు చెప్పరాదు. బాధితుడు చెప్పిన వృత్తాంతమునకును గాయమునకును ఎంత పొందిక యున్నదో మాత్రమే చెప్పవలెను. పొందిక లేదు, పొందిక కలదు, మిక్కిలి పొందిక కలదు, ఇట్టి హింసకు సహజమైన గుర్తు, మఱి దేనివలనను కలుగజాలదు — ఇవి అయిదు మెట్లు. తరగతిలో మార్కులు వేయు ఉపాధ్యాయునకు ఈ జాగ్రత్త విలువ తెలియును.

మన పొరుగు ఒడిశాలో జరిగినదే చూడుడు. 1987 డిసెంబరు 1న పోలీసులు తీసికొనిపోయిన సుమన్ బెహెరా అను యువకుని శవము మఱునాడు రైలుపట్టాలపై కనబడినది. పారిపోవుచు రైలు క్రింద పడెనని పోలీసులు వాదించిరి. శవపరీక్ష చేసిన వైద్యుడు ఆ గాయములు మొద్దుబారిన వస్తువుచే కలిగినవనియు, లాఠీదెబ్బలవలన కలుగవచ్చుననియు, అన్నియు రైలువలన కలిగినవి కాజాలవనియు చెప్పెను. తల్లి నీలాబతి బెహెరా వ్రాసిన ఉత్తరమునే సుప్రీంకోర్టు పిటిషనుగా గైకొని, 1993లో ఆమెకు 1,50,000 రూపాయల పరిహార మిప్పించినది. ఒక తల్లి ఉత్తరము, ఒక వైద్యుని వాఙ్మూలము. ఇవి లేకున్న ఆ మరణము రైలు ప్రమాదముగనే మిగిలిపోయెడిది.

ఆంధ్రప్రదేశములోనే 2021 మే నెలలో సి.ఐ.డి. అరెస్టు చేసిన నరసాపురం పార్లమెంటు సభ్యుడు రఘురామకృష్ణరాజు తనను కస్టడీలో కొట్టిరని ఆరోపించెను, ప్రభుత్వము కాదన్నది. సుప్రీంకోర్టు ఆయనను సికిందరాబాదు సైనిక ఆసుపత్రిలో, న్యాయాధికారి సమక్షమున, వీడియో తీయుచు పరీక్షింపుమన్నది. ఆ పరీక్షలో వాపును, కాలివ్రేలి ఎముక విఱుగుటయు నమోదైనవి. కస్టడీలో అనుచితముగా ప్రవర్తించి యుండవచ్చునను మాటను త్రోసిపుచ్చలేమని కోర్టు బెయిలు మంజూరు చేసినది. దోషు లెవరో తేల్చుట వేరు సంగతి. పార్లమెంటు సభ్యునికి సైనిక వైద్యులు దొరకిరి. మామూలు కూలికి దొరకువాడు అర్ధరాత్రి డ్యూటీలోనున్న చిన్న డాక్టరే.

ఆ డాక్టరు కష్టము మనము తలపోయవలెను. తలుపు కడ పోలీసు నిలిచియుండును. పాదరక్షలు విప్పించి చూడకయే ‘గాయములు లేవు’ అని వ్రాయుట సులువు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నిర్బంధితుని 48 గంటల కొకసారి వైద్యునిచే పరీక్ష చేయింపవలెనన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షను ప్రకారము అరెస్టయిన వెంటనే పరీక్ష జరుగవలెను; హింస జరిగినట్లు గుర్తులున్నచో అవియు, అవి కలిగిన కాలము సుమారుగా ఎప్పటిదో అదియు వ్రాయవలెను. ఆ నివేదిక నకలు ఒకటి అరెస్టయినవాని చేతికి గాని, అతడు చెప్పినవారికి గాని ఈయవలెను. ఆ నకలు అడిగి తీసికొనవచ్చునని మన పల్లెలలో ఎందఱికి తెలియునో!