వయోజన ఆటిజం: పరస్పర అవగాహన, గుర్తింపు సమస్య

ఆటిజం గురించిన చర్చ చాలావరకు బాల్యం దగ్గరే ఆగిపోతుంది. దీనికి చారిత్రక కారణం ఉంది. 1943లో లియో కానర్ తన వ్యాసంలో వర్ణించిన పదకొండుమందీ పిల్లలే. తరువాతి పరీక్షలు, శిక్షణ విధానాలు ప్రధానంగా పిల్లలను దృష్టిలో ఉంచుకొనే రూపొందాయి. కానీ ఆ పిల్లలు పెద్దవారయ్యారు. వారిలో మొదటి వ్యక్తి డొనాల్డ్ ట్రిప్లెట్ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న పట్టణంలో బ్యాంకు ఉద్యోగం చేశారు, కారు నడిపారు, గోల్ఫ్ ఆడారు, అనేక దేశాలు తిరిగారు. 2023లో 89 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన ఆటిజం తొలగిపోలేదు. కుటుంబానికి ఆ బ్యాంకుతో ఉన్న సంబంధం, ఆయన తీరును ఊరివారు సహజంగా స్వీకరించడం ఆ జీవితానికి ఆధారమయ్యాయి. కాబట్టి వయోజనుల స్థితిని వివరించేటప్పుడు వ్యక్తితోపాటు ఆయన చుట్టూ ఉన్నవారినీ పరిశీలించవలసి ఉంటుంది.

అర్థం చేసుకోలేనిది ఎవరు?

ఆటిజం గలవారికి ఎదుటివారి మనసు తెలియదన్న భావన 1980ల నుంచి మనోవిజ్ఞానంలో బలపడింది. స్వయంగా ఆటిజం గల బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో దీనిని ప్రశ్నించారు. అవగాహన లోపించడం ఇరువైపులా ఉంటుందని ఆయన వాదన. దీనిని 'ద్విముఖ సహానుభూతి సమస్య' అనవచ్చు. 2020లో క్యాథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథను ఒకరి నుంచి మరొకరికి వరుసగా చెప్పించింది. అందరూ ఆటిజం గలవారే ఉన్న వరుసలోనూ, ఎవరికీ ఆటిజం లేని వరుసలోనూ కథ దాదాపు ఒకేలా నిలిచింది. ఇరువర్గాలూ కలిసిన వరుసలోనే వివరాలు ఎక్కువగా జారిపోయాయి.

నోవా సాసన్ బృందం 2017లో ప్రకటించిన ఫలితాలు మరింత ఆలోచింపజేస్తాయి. ఆటిజం గల వయోజనుల రూపాన్ని, స్వరాన్ని కొన్ని క్షణాలు గమనించినవారు వారితో మెలగడానికి అంతగా ఇష్టపడలేదు. అవే మాటలను కేవలం రాతలో చదివినవారిలో ఆ విముఖత కనిపించలేదు. చెప్పిన విషయం కంటే చెప్పిన తీరే తిరస్కారానికి కారణమైందన్నమాట. ఉద్యోగ ఇంటర్వ్యూలో అభ్యర్థి ఎక్కడ ఓడిపోతాడో దీనినిబట్టి ఊహించవచ్చు.

దాచుకున్న శ్రమ

ఈ తిరస్కారాన్ని తప్పించుకోవడానికి అనేకులు తమ సహజ ప్రవర్తనను దాచుకుంటారు. కళ్ళలోకి ఎంతసేపు చూడాలో లెక్కపెట్టుకోవడం, నవ్వవలసిన చోటును ఇతరులను చూసి నేర్చుకోవడం, పెళ్ళిపందిట్లో మైకు హోరును భరిస్తూ 'భోంచేశారా' అన్న పలకరింపుకు తగిన జవాబును ముందే సిద్ధం చేసుకోవడం ఇందులో భాగాలు. పెద్దల ఎదుట చూపు దించుకోవడం వినయమని నేర్పే తెలుగు ఇళ్ళలో చూపు కలపకపోవడం చాలాకాలం ఎవరి దృష్టికీ రాకపోవచ్చు కూడా. బయటికి మామూలుగా కనిపించే ఉద్యోగి ఇంటికి చేరాక గంటల తరబడి మాట్లాడలేకపోతే, దానిని 'పొగరు' అనో 'ముభావం' అనో అనుకుంటారు.

ధ్రువపత్రం

భారతదేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో దానికి చోటు దక్కింది. ప్రభుత్వోద్యోగాలలో రిజర్వేషన్‌కు అర్హత రావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్లు ధ్రువీకరణ కావాలి. ఈ ధ్రువీకరణకు వాడుకలోకి వచ్చిన 'భారతీయ ఆటిజం మాపనం' సికింద్రాబాదులోని జాతీయ సంస్థ ఆధ్వర్యంలో రూపొందింది. అందులోని 40 అంశాలలో మొదటిది చూపు కలపకపోవడం, రెండవది పలకరింపు నవ్వు లేకపోవడం. ఏళ్ల తరబడి సాధన చేసి ఈ రెండింటినీ అలవరచుకున్న వయోజనుడికి వాటిలో తక్కువ మార్కులే వస్తాయి. ఆ సాధనకు వెచ్చించిన శ్రమను కొలిచే అంశం మాత్రం అందులో కనిపించదు. ఎంత బాగా దాచగలిగితే గుర్తింపు అంత దూరమవుతుంది. దాచడం మానేస్తే ఉద్యోగమే దూరం కావచ్చు.