ధ్వనిచిత్రమునకు కొలత

మనుష్యుని చెవికి వినరాని ధ్వనితో శరీరములోని అవయవములను చూపు విద్య, 1958లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు అను వైద్యుడు తన సహచరులతో ప్రకటించిన వ్యాసము వలన ప్రసిద్ధి కెక్కినది. ప్రోబు అను చేతిపరికరమును చర్మముపై ఆనించినచో, దానినుండి ధ్వనితరంగములు లోనికి పోయి, అవయవములకు తగిలి, ప్రతిధ్వనులై మరలివచ్చును. పోయివచ్చుటకు పట్టిన కాలమును బట్టి యంత్రము దూరమును లెక్కించి చిత్రమును గీయును.

అయితే ఆ చిత్రము దోసకాయను కోసిన చక్రము వంటిది. ఒక్క పలుచని పొర. చక్రములను మరల వరుసగా పేర్చినగాని కాయ యాకారము తెలియదు. పేర్చుటకు ఏ చక్రము ఎచ్చటిదో తెలియవలెను. అందులకై ప్రోబునకు ఒక గుర్తును బిగించి, అది కదలినట్లెల్ల దాని స్థానమును ఒక కెమేరాచే కనిపెట్టుదురు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. కెమేరా చూచునది గుర్తును. చిత్రము పుట్టునది ప్రోబు కొనకు దిగువన, రోగి దేహములో. ఈ రెంటి నడుమ ఎడమెంత, వంపెంత? మూడు దూరములు, మూడు కోణములు, మొత్తము ఆరు సంఖ్యలు కావలెను. ధ్వనిని పుట్టించు భాగము తొడుగు లోపల నుండుటచే స్కేలుతో కొలువ వీలులేదు. కోణములో ఒక్క డిగ్రీ తప్పినను, 10 సెంటీమీటర్ల లోతున సుమారు 1.7 మిల్లీమీటర్లు తప్పును. మెదడులోని కంతిని తొలగించు శస్త్రవైద్యునకు అది స్వల్పము కాదు.

కావున రోగిని సమీపించుటకు ముందే పరీక్ష జరుగవలెను. ఒక నీటితొట్టిలో రెండు దారములను ఒకదానిపై నొకటి అడ్డముగా బిగింతురు. (ఇంత సూక్ష్మమైన పనికి ఇంత సామాన్యమైన సాధనమా యని తోచును!) అవి కలియు చోటును ప్రోబుతో పలు దిక్కులనుండి చూతురు. ప్రతి చిత్రమునందును అది ఒక తెల్లని చుక్కయై కనబడును. దారములు కదలలేదు గదా! కావున ఆరు సంఖ్యలు సరియైనవైనచో చుక్కలన్నియు లెక్కలో ఒక్కచోటికే చేరవలెను, తప్పైనచో చెదరిపోవును. అవి దగ్గరకు చేరువరకు కంప్యూటరు ఆ సంఖ్యలను సవరించుచునే యుండును.

నీరును మోసగింపగలదు. ధ్వని దేహములో సెకనుకు 1540 మీటర్లు పోవునని యంత్రము తలచును. 20 డిగ్రీల నీటిలో అది పోవునది 1480 మీటర్లే. అందుచే 10 సెంటీమీటర్ల లోతుననున్న దారము 10.4 సెంటీమీటర్ల లోతున నున్నట్లు కనబడును. నీటిని 50 డిగ్రీలకు కాచినను, తగినంత ఆల్కహాలు కలిపినను వేగము సరిపడును; లేదా లెక్కలోనే దిద్దుకొందురు.

ఇంత చేసినను, ప్రోబునకున్న గుర్తును ఒకసారి ఊడదీసి మరల బిగించినచో, ఆ ఆరు సంఖ్యలను నమ్మరాదు. దానిని తిరిగి నీటితొట్టి యొద్దకు కొనిపోవలసినదే.