స్పానిష్ భాషలో అచ్చుల కూడిక: ఉచ్చారణము, లేఖనము

స్పానిష్ భాషకు అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. హ్రస్వదీర్ఘభేదము అందు అర్థమును మార్చదు. ఇంత స్వల్పమైన అచ్చుల పట్టిక గల భాషలో లేఖననియమములు సులభముగా నుండునని తోచుట సహజము. కాని రెండచ్చులు ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు అవి ఒకే యక్షరముగా పలుకబడునా, రెండుగా విడివడునా అను ప్రశ్న పుట్టును. పదముపై ఊనిక గుర్తు నుంచవలెనా, వలదా యనునది ఆ ప్రశ్నకిచ్చు సమాధానముపై ఆధారపడి యున్నది. ఈ వ్యాసమున స్పానిష్ పదములను తెలుగు లిపిలో నిచ్చుచు, ఊనిక గల అచ్చును దీర్ఘముగను, అక్షరవిభాగమును చిన్నగీతతోను చూపుచున్నాను.

స్పానిష్ వ్యాకర్తలు అ, ఎ, ఒ లను ప్రబలములనియు, ఇ, ఉ లను దుర్బలములనియు వ్యవహరించిరి. ఊనిక లేని దుర్బలాచ్చు ప్రబలాచ్చుతో కూడినచో సంధ్యక్షరమగును. దుర్బలము ముందున్నవి ఆరు, వెనుకనున్నవి ఆరు, రెండును భిన్నదుర్బలములైనవి రెండు, వెరసి 14. మన ఐ, ఔ లకు సన్నిహితమైన ధ్వనులు ‘ఐ-రె’ (గాలి), ‘కౌ-స’ (కారణము) అను పదములలో వినబడును. ‘త్యే-ర్ర’ (భూమి), ‘బ్వే-నొ’ (మంచిది) అనువానిలో దుర్బలాచ్చు మన యకార వకారములవలె ధ్వనించును. ఇట్లుగాక రెండు ప్రబలాచ్చులు కలిసినచో, లేదా ప్రబలాచ్చు ప్రక్కనున్న దుర్బలాచ్చుపైననే ఊనిక పడినచో, అవి విడివిడిగా నిలుచును. మన ప్రాతిశాఖ్యముల పరిభాషలో నిది ‘వివృత్తి’. ‘పొ-ఏ-త’ (కవి), ‘ప-ఈస్’ (దేశము) ఇందుకుదాహరణములు.

ఈ సంధ్యక్షరములలో కొన్నింటికి చారిత్రకకారణము కలదు. లాటిన్ నందు ఊనిక గల హ్రస్వ ఎకార ఒకారములు స్పానిష్‌లో ‘యె’, ‘వె’ లుగా పరిణమించినవి. ఊనిక లేనిచోట ఆ పరిణామము జరుగలేదు. కావుననే ‘ప్వే-దొ’ (చేయగలను), ‘పొ-దేర్’ (చేయగలుగుట) అని ఒకే ధాతువు రెండు రూపములతో కనబడును. గ్రుడ్డునకు పేరైన ‘వే-బొ’ అను పదమునకు ముందు పలుకబడని హకారము నొకదానిని వ్రాయుదురు. పూర్వము ఉకార వకారములకు లిపిలో ఒకే రూపముండెడిది. పదాదిని నున్నది హల్లు కాదు, అచ్చని తెలుపుటకై ఆ హకారము చేరినది. దానికి జ్ఞాతియైన ‘ఓ-బ-లొ’ (అండాకారము) అను పదమున సంధ్యక్షరము లేదు, హకారమును లేదు.

ఇక ఊనిక గుర్తు. అచ్చుతోగాని, న, స లతోగాని ముగియు పదమునకు ఊనిక ఉపాంత్యాక్షరముపై పడుట సామాన్యవిధి. ఇతరహల్లులతో ముగియుదానికి అంత్యాక్షరముపై పడును. విధి తప్పినచోట గుర్తుంతురు. ఒకే అక్షరముల వరుసతో వ్రాయబడు మూడు పదములను చూడుడు. ‘కొన్-తీ-న్వొ’ యనగా ఎడతెగనిది. విధి ననుసరించినది గనుక గుర్తు లేదు. ‘కొన్-తి-న్వో’ యనగా కొనసాగించెను. ఊనిక అంత్యాక్షరముపై నున్నది గనుక చివరి ఒకారముపై గుర్తు. ‘కొన్-తి-నూ-ఒ’ యనగా కొనసాగింతును. ఇందు ఊనిక ఉపాంత్యముననే యున్నను, ఉకారముపై గుర్తుండి తీరవలెను. అది లేనిచో పాఠకుడు తుది రెండచ్చులను కలిపి చదువును. ఇచ్చట గుర్తు ఊనికనేగాక అక్షరసంఖ్యను గూడ తెలుపుచున్నది.

అన్ని దేశములవారును ఒకే తీరున పలుకకపోవుటచే చిక్కు వచ్చినది. పదముల నడుమ నుంచు చిన్నగీతకు స్పానిష్‌లో గల పేరును మెక్సికో, మధ్య అమెరికాలలో ‘గ్యోన్’ అని ఏకాక్షరముగను, స్పెయిన్, అర్జెంటీనా, కొలంబియాలలో ‘గి-ఓన్’ అని రెండక్షరములుగను పలుకుట పరిపాటి. ఏకాక్షరపదమునకు సామాన్యముగా గుర్తు లేదు. రెండక్షరములైనచో, నకారాంతమై ఊనిక తుదినున్నది గనుక గుర్తు కావలెను. ఒకే సూత్రము ఒకే పదమునకు రెండు లేఖనముల నిచ్చినది.

1713లో స్థాపితమైన రాయల్ స్పానిష్ అకాడమీ ఈ చిక్కును క్రమముగా విప్పినది. 1959 నుండి అమలునకు వచ్చిన నియమములు ఉకార ఇకారముల కూడికను, ఎట్లు పలికినను, లేఖనమున సంధ్యక్షరముగానే గ్రహించినవి. 1999 నాటి లేఖనశాస్త్రము ‘గ్యోన్’ వంటి పదములను ఏకాక్షరములుగా లెక్కించుచునే, వివృత్తిని వినువారికి గుర్తుంచుటకు అనుమతించినది. 2010లో అన్ని స్పానిష్ అకాడమీలు కలిసి వెలువరించిన గ్రంథము ఆ వికల్పమును తొలగించినది. ఉచ్చారణము ఎవరి అలవాటు వారిదే. లేఖనము మాత్రము అందరికిని ఒకటే.

ఇందు నష్టము లేకపోలేదు. రెండక్షరములుగా పలుకువాడు తన చెవికి వినబడు ఊనికను వ్రాతలో చూపలేకపోవుచున్నాడు. కాని అనేకదేశములు పంచుకొనిన లిపి ఏ యొక్క ప్రాంతపు చెవికిని కట్టుబడి యుండజాలదు. ఈ త్యాగమునకు ప్రతిఫలము లేఖనైక్యము.

స్పానిష్ నేర్చు తెలుగువారికి వేరొక జాగ్రత్త యవసరము. తెలుగు పదమధ్యమున సాధారణముగా వివృత్తిని సహింపదు. కావున మన నోట ‘రీ-ఒ’ (నది) ‘రీయొ’ యగును. యడాగమమువలన అక్షరసంఖ్య మారదు గనుక ఈ దోషము స్వల్పము. తెలుగున ఊనిక అర్థభేదకము కాకపోవుటచే దానిని మన చెవి పట్టుకొనలేదు; పెద్ద యాపద యిదియే. కనుక స్పానిష్ పుటలోని ఆ చిన్నగుర్తును అలంకారముగా నెంచక, అర్థమునకు ఆధారముగా చదువుట మేలు.