కునుకు రాఁగానే బండి నాపుఁడు

మామిడికాయల కాలము వచ్చెనన్న మా రెడ్డిగూడెమున రాత్రులకు నిద్ర యుండదు. ఒకవైపు కాయల లారీలు కదలును. మఱియొకవైపు సెలవులకు వచ్చిన పిల్లలు, పెండ్లికి వచ్చిన చుట్టములు చల్లనివేళఁ బోవుదమని భోజనము ముగించి, మైలవరము మీఁదుగా హైదరాబాదు బాటఁ బట్టుదురు. ఊరగాయ జాడి యొలుకకుండ సర్దు మనము, బండి నడుపువాఁడు పగలు కొంతసేపైనను నిద్రించెనా యని యడుగుట మఱచుచున్నాము.

2017 ఫిబ్రవరి 28వ తేదీ తెల్లవాఱుజామున, భువనేశ్వరమునుండి హైదరాబాదు పోవుచున్న బస్సు పెనుగంచిప్రోలు మండలమున రెండు కల్వర్టుల నడుమ పడిపోయెను. పదిమందికిఁ బైగా ప్రాణములు గోల్పోయిరి. డ్రైవరు కునుకుపాటే కారణమని నాఁడు బలముగా ననుమానించిరి.

ఉదయము 5 గంటలకు లేచినవాఁడు రాత్రి 10 గంటలకు బండి నెక్కినచో, అప్పటికే 17 గంటలు మేలుకొని యున్నాఁడు. అట్టివాని చురుకుదనము, రక్తమున 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని చురుకుదనముతో సమానమని 1997లో వెలువడిన యొక పరిశోధన తెలిపెను. మన చట్టము డ్రైవరునకు విధించిన హద్దు 30 మిల్లీగ్రాములే. త్రాగినవాని బండి నెక్కము. నిద్రలేనివాని బండి నెక్కుటకు మాత్రము సంకోచింపము! గంటకు 80 కిలోమీటర్ల వేగమునఁ బోవు బండి, 4 సెకనుల కునుకులో దాదాపు 90 మీటర్లు దిక్కులేక పరుగెత్తును.

మాటిమాటికి ఆవులింతలు, దాఁటివచ్చిన యూరు జ్ఞప్తికి రాకుండుట, బండి గీఁత దాఁటి ప్రక్కకు జరుగుట – ఇవి నిద్రకు గుఱుతులు. కిటికీ తెఱచుటయుఁ, బాటలు పెట్టుటయు నిద్రను పోఁగొట్టవు. వెలుతురును జనమును గల చోట బండి నాపి, కాఫీ త్రాగి, 20 నిమిషములు నిద్రింపవలెను. కాఫీ పనిచేయుటకు సుమారు అర్ధగంట పట్టును. రాత్రి 2 గంటలు మొదలు తెల్లవాఱువఱకు ప్రయాణము మానుటయే మేలు.

ఆపుఁడన్నచో, “ల్యాప్‌టాపు ఉన్నది, ఇచ్చట నాపిన దొంగలు పోవనిత్తురా?” యను బదులు వినవచ్చును. వస్తువునకై ప్రాణమును పణముగా నొడ్డుట తగునా? ఆ భయమును ఇంటివద్దనే తీర్చుకొనవచ్చును. ల్యాప్‌టాపును సీటుమీఁద నుంచక, బయలుదేరకమునుపే డిక్కీలో దాఁచవలెను. ఆఁగినచోట డిక్కీ తెఱచి దాఁచినచో చూచువారికిఁ జోటు చూపినట్లగును. బండి దిగునపుడు సంచిని వెంటఁ గొనిపోవలెను. క్రమసంఖ్యను ఇంటి పుస్తకమున వ్రాసికొని, రహస్యపదము పెట్టి, ముఖ్యమైన పత్రములకు వేఱొకచోట నకళ్లుంచవలెను. ఒకవేళ పోయినను, 2024 జూలై 1నుండి అమలులోనున్న చట్టమును బట్టి దారిలోని యే పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు వ్రాయింపవచ్చును. ఫిర్యాదు ప్రతిని ఉచితముగా నిత్తురు.

సోదరీమణులారా! నిద్ర వచ్చుచున్నదని చెప్పుకొనుటకు మగవారు సిగ్గుపడుదురు. కావున నా మాట మనమే యనవలెను. “ఏమండీ, కాళ్లు తిమ్మిరెక్కినవి, కాస్త యాపుఁడు” అన్నను చాలును. గంట యాలస్యముగాఁ జేరినవారికి అన్నము వేడిచేసి పెట్టవచ్చును.