ఎవరో చెప్పారని తినడమా? మానడమా?

కొన్నేళ్ల క్రిందట ఒక శుక్రవారం మా సంఘములో ఉపవాస ప్రార్థన జరుగుతున్నది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నారాయణగూడ నుండి వచ్చిన ఒక పెద్దమ్మగారు మోకాళ్ల మీద నుండి లేవబోయి పక్కకు ఒరిగిపోయారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. ప్రార్థనలో లీనమయ్యారని కొందరు అనుకున్నారు. ఆమె కోడలు మాత్రం, "అయ్యగారూ, అత్తయ్య పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నారు, ఏమీ తినలేదు" అని ఏడ్చింది. నర్సుగా పనిచేసే ఒక సహోదరి వెంటనే పంచదార కలిపిన నీళ్లు తాగించింది. కాసేపటికి ఆమె తేరుకున్నారు.

సాయంత్రం పరామర్శకు వెళ్లాము. "మీరేగా అయ్యగారూ, మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటేనే నిజమైన ఉపవాసమని ఆదివారం చెప్పారు?" అన్నారామె, మాపై కోపం లేకుండానే. మేము అట్లా చెప్పిన మాట నిజమే. జబ్బుతో ఉన్నవారి సంగతి ఆ రోజు మా నోట రాలేదు.

అప్పటి నుండి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు ఆ ఇంటివారు ఏమి తింటున్నారో కూడా అడుగుతున్నాము. ఎక్కువ ఇళ్లలో మాకు వినిపించే మాట ఒక్కటే: "ఎవరో చెప్పారండీ!"

మన నగరంలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధన కోసం ఆరంభించిన చిన్న ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందింది. 2024 మే నెలలో భారతీయుల కోసం ఆహార సూచనలను కొత్తగా వెలువరించింది. బస్సెక్కితే చేరుకునేంత దగ్గరలో ఇంత విజ్ఞానం ఉండగా మనం పక్కింటివారి మాట మీద ఆధారపడుతున్నాము. దానియేలు మొదటి అధ్యాయం చూడండి. శాకాహారము, నీళ్లు కోరిన దానియేలు తన మాటను ఊరికే నమ్మమనలేదు. పది దినములు పరీక్షించి చూడమన్నాడు.

మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఇక్కడ చెప్పుకుందాము.

కడుపుతో ఉన్నప్పుడు తక్కువ తింటే కాన్పు సులువవుతుందా?

ఈ మాట ఇప్పటికీ కొందరు అత్తలు కోడళ్లతో చెప్తుంటారు. బిడ్డ చిన్నగా ఉంటే తేలికగా బయటపడుతుందని వారి ఉద్దేశం. కాని తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు జబ్బులు సులువుగా సోకుతాయి. తల్లికి రక్తం తక్కువైతే కాన్పు సమయంలో ప్రాణానికే ముప్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది.

గుడ్డు వేడి చేస్తుందని గర్భిణులకు పెట్టనివారూ ఉన్నారు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. తెలంగాణలో 2015లో ఆరంభించిన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు అంగన్‌వాడీలో భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలని పెట్టింది ఇందుకే. బాగా ఉడికించిన గుడ్డు నిశ్చింతగా పెట్టండి.

షుగర్ ఉన్నవారు అన్నం మాని చపాతీలు, రాగిజావ ఎంతైనా తీసుకోవచ్చా?

అన్నంలోనూ, గోధుమలోనూ ముఖ్యంగా ఉన్నది పిండి పదార్థమే. రెండు కప్పుల అన్నం మాని ఆరు చపాతీలు తింటే షుగర్ తగ్గదు. రాగులలో సున్నం పుష్కలంగా ఉన్న మాట నిజం. అయితే మెత్తని పిండిని పల్చగా జావ కాచి తాగితే త్వరగా అరిగి షుగర్ పెరుగుతుంది. పంచదార బదులు బెల్లం వేసినా అదీ చక్కెరే. కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి. సంస్థ సూచనల ప్రకారం రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు కావాలి. మన ఇళ్లలో కూర అన్నానికి నంజుడుగానే ఉంటున్నది.

కొలెస్ట్రాల్ లేదని రాసిన నూనె ఎంతైనా వాడవచ్చా?

గింజల నుండి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ప్యాకెట్ మీద రాసినంత మాత్రాన అది ప్రత్యేకమైనది కాదు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. పచ్చళ్లు, అప్పడాలతో పాటు ఉప్పు కూడా లెక్కించుకోండి. రోజుకు 5 గ్రాములు మించకూడదు.

టీ తాగితే ఆకలి ఆగుతుంది కదా?

ఇది అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న. పొద్దున టీ, బిస్కెట్లు తీసుకొని సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తాడు. మధ్యాహ్నం భోజనం కాగానే మళ్లీ టీ. "ఇంటి దగ్గర నాన్న అప్పు తెచ్చి పంపుతున్నాడు అయ్యగారూ, టిఫిన్ డబ్బులు మిగులుతాయి" అన్నాడు. టీ ఆకలిని మరిపిస్తుంది గాని తీర్చదు. పైగా భోజనంతో పాటు తాగే టీ, ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. అందుకే భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు వద్దని సంస్థ సూచించింది. గుప్పెడు పల్లీలు, పుట్నాలు, ఒక అరటిపండు పెద్ద ఖర్చు కాదు. పప్పు, ఆకుకూరలతో పాటు నిమ్మరసమో జామకాయో తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఆ తమ్ముడిని ఆదివారం ఆరాధన తరువాత ఒక కుటుంబంవారు భోజనానికి పిలుస్తున్నారు. మీ వీధిలోనూ ఇట్లాంటి పిల్లలు ఉండవచ్చు, చూడండి.

మరి ఉపవాసం?

షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు. మాత్ర వేసుకొని తినకపోవడం ప్రమాదం. వణుకు, చెమట, తికమక కనిపిస్తే వెంటనే పంచదార గాని గ్లూకోజు గాని ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. భోజనం మానలేనివారు టీవీ మానండి, కొనదలచిన వస్తువు మాని ఆ డబ్బు బీదలకివ్వండి. దేవుడు హృదయాన్ని చూస్తాడు.

మొదటి రాజులు 19వ అధ్యాయంలో, అలసి చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చి, రెండు సార్లు తినిపించాడు. ప్రయాణం సంగతి ఆ తరువాతే.

ఆ పెద్దమ్మగారు ఇప్పటికీ ఉపవాస ప్రార్థనకు వస్తున్నారు. ఇంట్లో ఇడ్లీ తిని, మాత్ర వేసుకొని, అందరికంటే ముందు వరుసలో కూర్చుంటారు. ప్రార్థన ఆరంభించే ముందు మేము ఒక మాట తప్పకుండా అడుగుతాము: "మందులు వాడేవారు తిని వచ్చారా?" ఆమెదే మొదటి చెయ్యి.